ఎండిపోయిన బ్రెడ్డుతో బెల్లం, కొబ్బరిపాల హల్వా

బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చిన రోజున సగం అవుతుంది. మిగిలింది మూడో రోజుకి గట్టిపడి, టీలో ముంచుకోవడానికి తప్ప పనికిరాదని పక్కన పెట్టేస్తారు. హల్వాకి కావలసింది ఆ గట్టిపడ్డ బ్రెడ్డే. అదేరోజు తెచ్చిన మెత్తటి బ్రెడ్డుతో చేస్తే అది పాలు తగలగానే బంకలా అయిపోయి, ఎంత నెయ్యి పోసినా నోటికి అతుక్కుంటుంది. బాగా ఎండిన ముక్క మాత్రం నేతిలో గుల్లగా వేగి, పాలను నెమ్మదిగా పీల్చుకుని, పలుకు పలుకుగా విడుతుంది. అందుచేత ఈ వంటలో సగం పని బ్రెడ్డులోని తడిని చూసుకోవడమే. మిగతా సగానికి కావలసిన సరుకు శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో ఎలాగూ ఉంటుంది: ఉద్దానం కొబ్బరికాయ, అనకాపల్లి బెల్లం, పలాస జీడిపప్పు.

ముందుగా బ్రెడ్డు పనికొస్తుందో లేదో చూడండి

ఎండిన బ్రెడ్డు వేరు, పాడైన బ్రెడ్డు వేరు. ఎండినదంటే గట్టిగా ఉంటుంది, విరిస్తే పొడి రాలుతుంది, వాసన మామూలుగానే ఉంటుంది. తెల్లగా, పచ్చగా, నల్లగా ఎక్కడైనా ఒక్క చుక్క బూజు కనబడితే ఆ ప్యాకెట్టు మొత్తం పారేయండి. బూజున్న మేర కోసేసి మిగతాది వాడడం తప్పు. పైకి కనబడేది బూజులో కొంతే, దాని సన్నటి పోగులు మెత్తటి బ్రెడ్డు లోపలికి చాలా దూరం పాకి ఉంటాయి. కొన్ని బూజులు విడిచే విషాలు నేతిలో వేయించినా పోవు. పక్క ముక్కల మీద కూడా బూజు గింజలు పడి ఉంటాయి.

ఎండలు మండే రోజుల్లో, ఉక్కపోతలో ఇంకో రకం పాడు కూడా ఉంది. పైకి బూజు ఏమీ ఉండదు. ముక్కని రెండుగా చీలిస్తే మధ్యలో జిగటగా, సన్నటి తీగలు సాగుతాయి. మిగలముగ్గిన పండు వాసన వేస్తుంది. ఇది బాక్టీరియా వల్ల వచ్చేది. దాని బీజాలు బ్రెడ్డు కాల్చేటప్పటి వేడిని కూడా తట్టుకుంటాయి. అలాంటిదీ పారేయవలసిందే.

ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్డుకి బూజు ఆలస్యంగా పడుతుంది గానీ, అది బయట ఉన్నదానికంటే తొందరగా గట్టిపడుతుంది. కాల్చినప్పుడు మెత్తబడిన పిండి, చల్లారే కొద్దీ తిరిగి బిగుసుకోవడం వల్ల బ్రెడ్డు గట్టిపడుతుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఆ బిగుసుకోవడం మరీ వేగంగా జరుగుతుంది. కాబట్టి పట్టుకుంటే గట్టిగా ఉందని లోపల తడి పోయిందనుకోకండి. గట్టిపడడం ఒకటి, ఆరడం ఒకటి. హల్వాకి రెండూ కావాలి. రెండోది మనమే చెయ్యాలి.

ఏ బ్రెడ్డయినా పరవాలేదా అంటే, మామూలు తెల్ల బ్రెడ్డు అన్నిటికంటే బాగుంటుంది. మిల్క్ బ్రెడ్డు, తీపి బన్ను అయితే బెల్లం 20 గ్రాములు తగ్గించండి. గోధుమ బ్రెడ్డుతో రంగు ముదురుగా వస్తుంది, పాలు కాస్త ఎక్కువ తాగుతుంది. వెల్లుల్లి, కారం, జీలకర్ర ఉన్నవి వద్దు. అంచులు తీసెయ్యాలని చాలామంది అంటారు. అక్కర్లేదు. అంచు బాగా కాలి ఉంటుంది కాబట్టి హల్వాకి మంచి రంగు, కమ్మటి వాసన ఇస్తుంది. కాకపోతే అది నానడానికి ఎక్కువ సేపు పడుతుంది, అందుకని అంచుల్ని విడిగా కోసి మిక్సీలో బరక గుండగా కొట్టి పెట్టుకోండి.

ఆరుగురికి కొలతలు

బ్రెడ్డు 8 ముక్కలు, అంటే 200 గ్రాములు. (400 గ్రాముల ప్యాకెట్టులో సగం.) తురిమిన బెల్లం 150 గ్రాములు. మధ్యరకం కొబ్బరికాయ 1. నెయ్యి 60 గ్రాములు, అంటే 4 పెద్ద చెంచాలు, పైన ఒక చిన్న చెంచా. జీడిపప్పు 30 గ్రాములు. యాలకులు 4. ఉప్పు చిటికెడు. నీళ్ళు కొబ్బరిపాలకి 350 మిల్లీలీటర్లు, బెల్లానికి 75 మిల్లీలీటర్లు.

జీడిపప్పు గుండ్లు కొనక్కర్లేదు. పలాస, కాశీబుగ్గ దుకాణాల్లో బద్ద, ముక్క విడిగా అమ్ముతారు, గుండు కంటే చవక. రుచిలో తేడా ఏమీ ఉండదు. పైగా హల్వాలో ముక్కలే అంతటా సమంగా కలుస్తాయి.

బెల్లం విషయంలో రంగు చూసి మోసపోవద్దు. పసుపచ్చగా మెరిసిపోయే బెల్లంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపి తెలుపు తెచ్చి ఉండవచ్చు. కాస్త ముదురు గోధుమ రంగులో, విరిస్తే పొడిపొడిగా రాలేది తీసుకోండి. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. ఉప్పగానో పుల్లగానో తగిలితే అది ఈ పనికి వద్దు.

గిన్నె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇనప మూకుడులో బెల్లం ఉడికితే హల్వా నల్లబడుతుంది, ఇనుము రుచి తగులుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి గిన్నె ఇంట్లో ఉంటే అంతకంటే మంచిది లేదు. మందంగా ఉంటుంది, సెగ అంతటా సమంగా పాకుతుంది, అడుగంటదు. కానీ లోపల కళాయి పూత చెక్కుచెదరకుండా ఉండాలి. కళాయి పోయిన ఇత్తడికి బెల్లం పులుపు తగిలితే చిలుము దిగుతుంది. కళాయి ఉన్నా సరే, వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసెయ్యండి. ఇత్తడి లేకపోతే అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె చాలు.

తడి తియ్యడం

బ్రెడ్డుని బొటనవేలి గోరంత, అంటే 2 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా కొయ్యండి. మరీ చిన్నవైతే వేగేటప్పుడే మాడతాయి, పెద్దవైతే మధ్యలో నెయ్యి, పాలు చేరవు.

ఎండ ఉన్న రోజున పళ్ళెంలో పలచగా పరిచి, పైన పలచటి గుడ్డ కప్పి 2 నుంచి 3 గంటలు ఎండబెడితే చాలు. ముసురు పట్టినప్పుడు, దసరా వెళ్ళాక పైడితల్లి సిరిమానోత్సవం నాటికి విజయనగరంలో ఇంటినిండా చుట్టాలుండి ఎండ మాత్రం లేనప్పుడు, మూకుడే దిక్కు. నెయ్యి వెయ్యకుండా సన్న సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు తిప్పుతూ ఉండండి. రంగు మారకూడదు, గట్టిపడాలి. ఒవెన్ ఉన్నవాళ్ళు 120 డిగ్రీల మీద 20 నిమిషాలు పెట్టవచ్చు.

అయిందో లేదో ఇలా తెలుస్తుంది: ఒక ముక్కని వేళ్ళతో నొక్కితే అణగకూడదు, టప్పున విరగాలి. విరిగినచోట మధ్యలో కూడా పొడిగా ఉండాలి. త్రాసు ఉంటే ఎండబెట్టే ముందు, తర్వాత తూచండి, 200 గ్రాముల ముక్కలు 140, 150 గ్రాములకి వచ్చేస్తాయి. ఆ తగ్గిన 50, 60 గ్రాములూ నీళ్ళే. ఆ నీళ్ళు ఖాళీ చేసిన చోటులోకే మీ కొబ్బరిపాలు వెళ్ళాలి. ఈ పని తొందరపడి మధ్యలో ఆపేస్తే తర్వాత ఏమి చేసినా బంకతనం పోదు.

కొబ్బరిపాలు

కాయ ముదురుదై ఉండాలి. ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడాలి. కళ్ళ దగ్గర తడి, బూజు ఉన్న కాయ వద్దు. కొట్టగానే ఒక ముక్క తిని చూడండి. సబ్బు వాసనో, మక్కిన నూనె వాసనో తగిలితే ఆ కాయతో హల్వా చెయ్యకండి, యాలకులు ఎన్ని వేసినా ఆ వాసన కప్పబడదు.

కోరిన కొబ్బరిని 100 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళతో మిక్సీలో తిప్పి, గుడ్డలో వేసి గట్టిగా పిండండి. ఇవి చిక్కటి పాలు, విడిగా పెట్టండి. పిప్పిని మళ్ళీ మిక్సీలో వేసి 250 మిల్లీలీటర్ల నీళ్ళతో తిప్పి పిండితే పలచటి పాలు వస్తాయి. నీళ్ళు చెయ్యి ఓర్చే వేడిలో ఉండాలి. చల్లటి నీళ్ళయితే కొబ్బరిలోని కొవ్వు సరిగా దిగదు, మరిగే నీళ్ళయితే పాలు తొందరగా విడిపోతాయి. పిప్పి పారెయ్యకండి, కూరలోకో పచ్చడిలోకో వెళ్ళిపోతుంది.

ఆవుపాలు, గేదెపాలు కాకుండా కొబ్బరిపాలే ఎందుకంటే బెల్లం కారణం. బెల్లంలో ఉండే పులుపు, లవణాలు కలిసి వేడి పాలను విరిచేస్తాయి. కొబ్బరిపాలకి ఆ భయం చాలా తక్కువ.

బెల్లం కరిగించడం

తురిమిన బెల్లంలో 75 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి సన్న సెగ మీద పెట్టి, కరగగానే దించెయ్యండి. పాకం పట్టకూడదు. తీగ పాకం దాకా పోయిందంటే హల్వా చల్లారాక బెల్లపచ్చులా బిగుస్తుంది. సన్నటి గుడ్డతోనో టీ వడకట్టే జల్లెడతోనో వడకట్టండి. ఎంత శుభ్రంగా కనబడే బెల్లంలోనైనా అడుగున ఇసక, చెరకు పీచు దిగుతాయి. హల్వా అంతా బాగా కుదిరి, పంటి కింద ఇసక తగిలితే పడిన శ్రమంతా వృథా.

సంక్రాంతికి అరిసెలు చెయ్యగా మిగిలిన పాకం ఉంటే వాడుకోవచ్చు, కానీ అది అప్పటికే ముదిరి ఉంటుంది కాబట్టి వేడినీళ్ళు పోసి పూర్తిగా పలచన చేసి, మామూలు బెల్లంనీళ్ళలా అయ్యాకే పొయ్యండి.

వేయించడం

గిన్నెలో 1 పెద్ద చెంచా నెయ్యి వేసి సన్న సెగ మీద జీడిపప్పు వేయించండి. లేత పసుపు రంగు తిరగగానే తీసెయ్యాలి. ఎర్రబడేదాకా ఆగితే, బయటికి తీశాక కూడా లోపలి వేడికి ఇంకా వేగి చేదెక్కుతాయి.

అదే నేతిలో ఇంకో పెద్ద చెంచా వేసి బ్రెడ్డు ముక్కలన్నీ పోసి తిప్పండి. ఇక్కడ చాలామంది నెయ్యంతా ఒకేసారి పోస్తారు. ముందు తగిలిన నాలుగు ముక్కలు దాన్నంతా తాగేసి, మిగతావి పొడిగా మిగులుతాయి. అందుకే 2 నిమిషాలు తిప్పాక, గిన్నె అంచుల వెంబడి మూడో చెంచా పొయ్యండి. మధ్యరకం కంటే తక్కువ సెగ మీద మొత్తం 6, 7 నిమిషాలు పడుతుంది. ముక్కలు గరిటెకి తగిలినప్పుడు గలగలలాడాలి, అన్ని వైపులా జంతికల రంగు రావాలి. చివరి నిమిషంలో అంచుల గుండ వేసి కలపండి. అది ముందే వేస్తే మాడిపోతుంది.

వేగినవాటిలో ఒక గుప్పెడు ముక్కలు తీసి పక్కన పెట్టుకోండి. వడ్డించేటప్పుడు పైన చల్లితే మెత్తటి హల్వా మధ్య కరకరలాడతాయి.

నానబెట్టి ఉడికించడం

పలచటి కొబ్బరిపాలు వేరే గిన్నెలో వేడి చేసి, పొగలు రాగానే వేగిన బ్రెడ్డు మీద పొయ్యండి. స్టవ్వు ఆపేసి, మూతపెట్టి 5 నిమిషాలు కదపకండి. ఈ 5 నిమిషాలు తగ్గించుకోవాలని చూడొద్దు. మూత తీశాక గరిటె వెనకవైపుతో మెదపండి. పూర్తిగా ముద్ద చెయ్యకుండా, గోధుమరవ్వ ఉప్మాలా అక్కడక్కడ పలుకు తగిలేలా ఉంచితే తినడానికి బాగుంటుంది.

బెల్లంనీళ్ళు బ్రెడ్డు నానాక కాకుండా ముందే పోస్తే ఏమవుతుందంటే, బెల్లంలోని తీపి ఆ నీళ్ళని తనవైపు లాక్కుంటుంది, బ్రెడ్డుకి దక్కనివ్వదు. ముక్కలు పైన తియ్యగా, మధ్యలో గట్టిగా, నమిలితే రస్కులా తగులుతాయి. తర్వాత అరగంట ఉడికించినా అవి సరిగా మెత్తబడవు. పాలలో నానడం మొదట, బెల్లం తర్వాత. ఈ వరస మార్చకండి.

స్టవ్వు వెలిగించి, మధ్యరకం సెగ మీద 3 నిమిషాలు కలుపుతూ పాలు ఇగిరించండి. ముద్ద దగ్గరపడ్డాక బెల్లంనీళ్ళు పొయ్యండి. హల్వా ఒక్కసారిగా జావలా అయిపోతుంది. కంగారుపడి సెగ పెంచవద్దు. 5, 6 నిమిషాలు అడుగు నుంచి తిప్పుతూ ఉంటే మళ్ళీ దగ్గరపడుతుంది. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత రెండు మూడు క్షణాలు పూడకుండా నిలవాలి. అక్కడికి వచ్చాక సెగ బాగా తగ్గించి, చిక్కటి కొబ్బరిపాలు, దంచిన యాలకులు, చిటికెడు ఉప్పు వెయ్యండి. బ్రెడ్డులో ఉప్పు ముందే ఉంది కాబట్టి చిటికెడు దాటకూడదు.

చిక్కటి పాలు పోశాక తుకతుక ఉడకనివ్వకూడదు. గట్టి సెగ తగిలితే కొబ్బరి కొవ్వు విడిపోయి నూనెలా తేలుతుంది, మిగిలింది పిప్పిలా అవుతుంది. సన్న సెగ మీద 2, 3 నిమిషాలు చాలు. మిగిలిన పెద్ద చెంచా నెయ్యి, జీడిపప్పు వేసి, హల్వా ఇంకా కాస్త జారుగా ఉండగానే దించెయ్యండి. చల్లారే కొద్దీ అది బిగుసుకుంటుంది. గిన్నెలోనే సరైన గట్టిదనం వచ్చేదాకా ఉంచితే పళ్ళెంలోకి వచ్చేసరికి రాయి అవుతుంది. మూతపెట్టి 10 నిమిషాలు ఆగి, పైన ఒక చిన్న చెంచా వేడి నెయ్యి, పక్కన పెట్టిన కరకర ముక్కలు వేసి వడ్డించండి.

తేడా వస్తే

బాగా జారుగా మిగిలిపోతే ఇంకా ఇంకా ఉడికించకండి. వేయించిన బ్రెడ్డు గుండ రెండు చెంచాలు చల్లి, మూతపెట్టి 5 నిమిషాలు వదిలెయ్యండి, పీల్చేసుకుంటుంది. గట్టిగా అయిపోతే వేడివేడి కొబ్బరిపాలో, మామూలు పాలో రెండు చెంచాల చొప్పున పోసి సన్న సెగ మీద కలపండి. చల్లటి పాలు పోస్తే నెయ్యి గడ్డకట్టి గరగరలాడుతుంది.

నూనె విడిపోయి తేలితే స్టవ్వు ఆపి, రెండు చెంచాల వేడినీళ్ళు పోసి గట్టిగా గిలక్కొట్టండి. చాలావరకు కలిసిపోతుంది. అడుగంటితే మాత్రం గోకవద్దు. పైదంతా వెంటనే వేరే గిన్నెలోకి తీసెయ్యండి, మాడు వాసన పైకి ఎక్కదు. బంకగా వచ్చినదానికి మందు లేదు. దాన్ని నెయ్యి రాసిన పళ్ళెంలో అర అంగుళం మందాన పరిచి, చల్లారాక ముక్కలు కోసి, పెనం మీద నేతితో రెండు వైపులా ఎర్రగా కాల్చుకుంటే తినదగ్గదిగా తయారవుతుంది.

మామూలు పాలతో, కోవాతో

కొబ్బరి లేకపోతే 350 మిల్లీలీటర్ల గేదెపాలు మరిగించి 300కి తెచ్చి, బ్రెడ్డు అందులోనే నానబెట్టి ఉడికించండి. పంచదార అయితే 130 గ్రాములు, ముద్ద దగ్గరపడ్డాక వెయ్యండి. బెల్లమే కావాలంటే ముందు పరీక్ష చెయ్యండి: రెండు చెంచాల వేడి పాలలో అర చెంచా బెల్లంనీళ్ళు కలిపి నిమిషం చూడండి. విరగకపోతే ఆ బెల్లం పనికొస్తుంది. అయినా సరే హల్వా దించి, 5 నిమిషాలు చల్లార్చాకే కలపాలి. కలిపాక మళ్ళీ పొయ్యి మీద పెట్టకూడదు కాబట్టి, బెల్లాన్ని 75కి బదులు 30 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించండి.

మందస వైపు నుంచి ఎవరైనా కోవా తెచ్చి ఉంటే 100 గ్రాములు చిదిపి, దించే ముందు సన్న సెగ మీద కలపవచ్చు. కోవాలో తీపి ముందే ఉంటుంది కనుక పంచదార 90 గ్రాములకి తగ్గించండి. కోవా వేసినప్పుడు యాలకులు రెండే చాలు, పాల వాసన ముందుకి రావాలి.

ఎక్కువమందికి చేసేటప్పుడు

పాతికమందికి 800 గ్రాముల బ్రెడ్డు తీసుకుంటే అన్నీ నాలుగింతలు చేసెయ్యకండి. పెద్ద గిన్నెలో నీళ్ళు అంత వేగంగా ఇగరవు, అందుకని పలచటి పాలు 1 లీటరుకి బదులు 850 మిల్లీలీటర్లు, నెయ్యి 240కి బదులు 200 గ్రాములు సరిపోతాయి. బెల్లం 600 గ్రాములు ఉండాల్సిందే. బ్రెడ్డుని మాత్రం ఒకేసారి వేయించవద్దు. గిన్నె నిండా పోస్తే కింద ముక్కలు మాడతాయి, పై ముక్కలు ఆవిరికి మెత్తబడతాయి. నాలుగు వాయిలుగా వేయించి, నానబెట్టే దగ్గర మాత్రం అన్నీ కలపండి.

నిల్వ

కొబ్బరిపాలు పోసినది వేసవిలో పొద్దున్న చేస్తే మధ్యాహ్నానికే తినెయ్యాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. మూడో రోజుకి కొబ్బరి పులిసిన వాసన మొదలవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన హల్వా గట్టిగా, గరగరగా ఉంటే పాడైందని అనుకోకండి. బ్రెడ్డు గట్టిపడడానికి ఏది కారణమో అదే ఇక్కడా జరిగింది: చల్లదనానికి పిండి మళ్ళీ బిగుసుకుంది, నెయ్యి, కొబ్బరి కొవ్వు పేరుకున్నాయి. ధనుర్మాసపు చలి పొద్దుల్లో బయట ఉంచినా కాస్త అలాగే అవుతుంది. పిండి మెత్తబడాలంటే చేతికి చురుక్కుమనేంత వేడి ముక్క మధ్యదాకా చేరాలి. మూకుడులో వేస్తే అడుగు మాడేలోగా మధ్యకి వేడి చేరదు. హల్వాని చిన్న గిన్నెలో సర్ది, పైన రెండు చెంచాల పాలు చల్లి, మూతపెట్టి ఇడ్లీ పాత్రలో 6, 7 నిమిషాలు ఆవిరి పట్టించండి. మూత తీశాక ఒకసారి కలిపి, వేడిగా ఉండగానే పెట్టెయ్యండి. మిగిలితే మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి రెండోసారి వేడి చెయ్యవద్దు, ఎంత కావాలో అంతే తీసి వేడి చేసుకోండి.